దారి లేని పేజీ

ట్రోమ్సోలో నవంబరు చివర్న సూర్యుడు సెలవు పెడతాడు.
నాకు సెలవు లేదు.
మధ్యాహ్నం రెండింటికే దీపం వేసుకుని
చేపల పడవల సోనార్‌కి హెల్ప్ ఫైలు రాస్తుంటాను.

ఒక్కో సంగతికి ఒక్కో పేజీ.
అడుగున ఫుట్‌నోట్‌లో దాని గుట్టుపేరు:
మధ్యలో ఖాళీ ఉండకూడదు,
ఇద్దరికి ఒకే పేరు పెట్టకూడదు.
తెర మీద ఎవరికీ కనబడదది,
ఒక్క అక్షరం తప్పితే మాత్రం
నొక్కినవాడు గోడకు గుద్దుకుంటాడు.

ఇంకో పేజీలో ఓ మాట కింద రెండు గీతలు గీసి
దాని వెనకే ఆ పేరు దాచిపెడతాను.
కంపైల్ అయ్యాక మాట పచ్చబడుతుంది.

మొదట్లో చెయ్యి ఆగలేదు.
వల, తాడు, లోతు, గంట,
కనబడ్డ ప్రతి మాటకీ గీతలే.
పేజీ నిండా గడ్డి మొలిచింది.

పరీక్షకని పాత కెప్టెన్ ఐలెర్ట్ వచ్చి కూర్చున్నాడు.
నలభై ఏళ్లు కాడ్ చేపల వెంట తిరిగిన అరచేతిలో
మౌసు కోడిపిల్లలా ఒదిగింది.
"ఇన్ని తలుపులున్న ఇంట్లో చలి ఆగుతుందా, టోరున్?
గడ్డకట్టిన వేలితో ఒక్కసారే నొక్కగలను.
ఆ ఒక్క మాటా ఏదో చెప్పు."

ఆ రాత్రి నూట పన్నెండు లింకులు పీకేశాను.
"ఇక్కడ నొక్కండి"లు ఒక్కటీ మిగల్లేదు.

మిగిలిన పేజీలు అచ్చు తీసి గోడకు గుచ్చి
ఒకదాన్నుంచి ఒకదానికి ఎర్ర ఊలుదారం లాగాను.
ఏ దారమూ తాకని కాగితం ఒకటి మిగిలింది:
"పడవలో మీరొక్కరే ఉన్నప్పుడు."

అక్టోబరులో నేనే రాశాను.
ఐలెర్ట్ తమ్ముడి సంగతి విన్న వారం.
మేనేజరు క్వామ్మె అన్నాడు:
మన యంత్రానికి సంబంధం లేదు, తీసెయ్.

తీయలేదు. దారీ ఇవ్వలేదు.
సూచికలో మాత్రం నాలుగు మాటలు చేర్చాను:
ఒంటరి, రాత్రి, వించి, ఎవరూ లేరు.
వాటిలో ఏదో ఒకటి టైపు చేసినవాడికి
మూడు వాక్యాలు దొరుకుతాయి:
ముందు ఇంజిన్ ఆపు.
పదహారో చానెల్లో పిలువు.
తెర తర్వాత చూసుకోవచ్చు.

జనవరిలో డిస్కులు పద్నాలుగు పడవలెక్కాయి.
ఆ పేజీ ఎవరైనా తెరిచారో లేదో
తెలిసే ఉపాయం మేం పెట్టలేదు.

తన డిస్కు జేబులో వేసుకుని
గుమ్మం దాకా వెళ్లి ఐలెర్ట్ ఆగాడు.
"వెనక్కి రావడానికి బటన్ ఉంది కదా?"

ఉంది, అన్నాను.
పైన, ఎడమవైపు.