సీతాఫలం, కింద గీత, డెబ్బై ఏడు

క్లాక్ టవర్ కాడ చెప్పుల దుకాణం మీద
పదహారు మెట్లు.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు నావి,
ఒక్కో మెట్టు లెక్క వాటికే తెలుసు.

పైన ఖలీల్ భాయ్, మూడు కంప్యూటర్లు, పూలపూల పర్దాలు.
గంటకు ముప్పై, అర్ధగంటకు ఇరవై.
ఫోను తీగకు మోడెం తగిలిస్తే
ముందుగాల కోడిని పట్టినట్టు అరిచేది,
తర్వాత గచ్చు మీద పార గీరినట్టు,
ఆఖరికి చప్పుడే లేదు.
"ఖుల్ గయా" అనేటోడు భాయ్,
తన ఇంటి తలుపే తీసినట్టు.

ఊర్లె ఎవరెదురైనా ఒకటే అడుగుడు:
ఎవలోల్ల పిలగానివి?
నాయిన పేరు చెప్తే ఇంటిపేరు,
ఇంటిపేరు చెప్తే వాడ,
వాడ తెలిస్తే ఇగ హోటల్ల ఏ గిలాస ముందుకొస్తదో
చెప్పే పని లేదు.

ఈడ నేను సీతాఫలం.
సీతాఫలం, కింద గీత, డెబ్బై ఏడు.
వంగిన నడుం తెర అవతలికి పోదు.

చిలీ దేశం నుంచి ఒకామె అడిగింది:
సీతాఫలమంటే పండా, పువ్వా?
ఇరవై నాలుగేండ్లల్ల
నాకు జవాబొచ్చే ప్రశ్న అడిగిన మొదటి మనిషి.
వచ్చీరాని ఇంగ్లీషుల రాసిన:
పైన మొసలి తోలు, లోపల మీగడ,
గింజలు ఉమ్మెయ్యాలె.
మా కొండల్ల కూడ దాని చెల్లెలుంది, అన్నది.

ఆ రాత్రి బస్సు దొరకలే.
బస్టాండు బల్ల మీద పండుకొని
దునియా అంత ఒక్క వాడ అయినట్టే అనుకున్న.
పదేండ్లు, మహా అయితే పదిహేను.
పొద్దున భాయ్‌కి చెప్తే
"అప్పటికి కూడ బిల్లు కట్టాలె బేటా" అన్నడు.

మొదలు పర్దాలు పోయినయ్, పోలీసోళ్లు చెప్పిండ్రని.
తర్వాత రిజిస్టరొచ్చింది: పేరు, తండ్రి పేరు.
ఇప్పుడు జేబుల ఫోను అరవకుండనే తెరుచుకుంటది,
నా మొఖం చూసి.
కులపోళ్ల గ్రూపుల తెల్లారకముందే గులాబీలు పూస్తయి.

మొన్న ఊకె కూసొని
పాత పేరుతోటి లోపలికి పోదామని చూసిన.
పాస్‌వర్డ్ యాదికి లేదు.
అయితే ఇది చెప్పమన్నది:
మీ అమ్మ పుట్టింటి పేరు?

అంటే అప్పుడు కూడ అడిగిండ్రు.
గడప కాడనే అడిగిండ్రు.

అమ్మ పుట్టింటి పేరు కొట్టిన. తప్పన్నది.
ఒత్తు సరిచేసి కొట్టిన. తప్పే.

ఆ పిలగాడు ఇంకేదో రాసిండు.