గాలిసంచి

కొలవండి సర్వేయరుగారూ, నేనడ్డం రాను.
తొమ్మిది వందల గజాల పొడవు, పాతిక వెడల్పు,
ఈ కాలవగట్టు కాణ్ణించి ఉత్తరాన చర్చి సమాధుల దాకా.
పైన ఎర్ర గ్రావెలు, కింద నల్లరేగడి.
వాన పడితే ఇప్పటికీ ఉబ్బుతుంది,
లోపల్నించి ఎవరో ఒత్తిగిలినట్టు.

తూముపాలెం ఏరోడ్రోం అనేవాళ్ళం దీన్ని.
ఏరోడ్రోం అంటే ఏముందండీ,
ఒక రేకుల షెడ్డు, పదహారు మందు డ్రమ్ములు,
సున్నం కొట్టిన రాళ్ళు రెండు వరసలు,
గేదెల్ని బెదరగొట్టడానికి ఒక గంట.
ఆ గంట బడిది.
విమానం ఉన్నన్నాళ్ళూ పిల్లలకి ఇంటిబెల్లు లేదు.

ఆ కర్ర మీద వేలాడేది ఏంటని కదా అడిగారు.
నేను కుట్టిందే.
అప్పుడు నాకు పంతొమ్మిది. మా నాన్న దగ్గర కాజాలు తీసేవాణ్ణి.
విమానం తోలే దొర ఒక చిరుగుల సంచి తెచ్చి బల్ల మీద పడేశాడు.
తెలుగు రాదాయనకి. బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊది చూపించాడు.
రెండు వైపులా నోళ్ళు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం,
ఏనుగుకి కుట్టిన చొక్కా చెయ్యిలా ఉంది.
నారింజరంగు గుడ్డ కాకినాడ నించి వచ్చింది, రసీదుతో సహా.
కుట్టాక ముప్పావు గజం మిగిలింది.

సుడిదోమ పట్టిన ఏడది.
చేలు నడిమధ్యన గుండ్రంగా మాడిపోయేవి,
కాలిన పెనం దించి తీసినట్టు.
విమానం కొబ్బరి తలల్ని రాసుకుంటూ దిగి
ఈ గట్టు నించి ఆ గట్టుకి తెల్లటి చాలు తోలేది.
ఎంతవరకు అయిందో పైవాడికి తెలియాలి గదా,
చివర గట్టు మీద జెండాతో ఒక మనిషి.
నేలపూడి ఏసోబు. రోజుకి నాలుగు రూపాయలు.
విమానం ముక్కు తన ముక్కు మీదికి వచ్చేదాకా నిలబడాలి.
తర్వాత పదిహేను అడుగులు పక్కకి.
మళ్ళీ నిలబడాలి.
ముందే పరిగెత్తినవాడికి కూలి లేదు.

సాయంత్రం మా బల్ల ముందు కూచునేవాడు,
కనుబొమలు ముసలాడికి మల్లే తెల్లగా.
బీడీ తీస్తే మా నాన్న, వద్దురా, అంటుకుంటావు, అనేవాడు.
నవ్వేవాళ్ళం.
ఒకనాడు ఆ మిగిలిన గుడ్డ చూసి
తలకీ మూతికీ కప్పేలా ఏదైనా కుట్టిపెట్టు తమ్ముడూ అన్నాడు,
ఎంత పడుతుంది, అరగజం?
సర్కారు గుడ్డ అన్నా, లెక్క చెప్పాలి, అన్నాను.
సరేలే అన్నాడు.
ఇంకెప్పుడూ అడగలేదు.
ఆ లెక్క కూడా నన్నెవరూ అడగలేదు సార్.
ముప్పావు గజం పెట్టెలో దాచాను. చిమటలు తిన్నాయి.

మూడు పంటలకి విమానం వెళ్ళిపోయింది.
కప్పలు రెండేళ్ళు అరవలేదు. తర్వాత అరిచాయి.
ఏసోబు దగ్గు చర్చి పాటల మధ్యలో వినపడేది,
ఒక క్రిస్మస్‌కి వినపడలేదు.

ఇప్పుడు దాళ్వా ధాన్యం ఎండబోస్తారిక్కడ.
ఆడపిల్లలు స్కూటీ నేర్చుకుంటారు, పడితే దెబ్బ తగలదని.
నేను ఏటా తొలకరికి ముందు సంచి మారుస్తాను.
ఎవరికోసమయ్యా అంటే
తూర్పారబట్టేవాళ్ళకి గాలివాటం తెలియాలని చెబుతాను.
అబద్ధం. వాళ్ళకి చెంప చాలు.
మూడింటికి ఉప్పు వాసనేసుకుని పైరగాలి వస్తే
అది ఎటు నించో గుడ్డ చెప్పాలా?
గుడ్డ మాత్రం ప్రతిసారీ ముప్పావు గజం ఎక్కువే కొంటాను.

రొయ్యల చెరువులట గదా. తవ్వండి.
పైరగాలికి ఆ సంచి తోక సమాధుల వైపే తిరుగుతుంది,
అలా తిరగాలని నేను కుట్టలేదు.

మీ టేపు అవతలి కొస పట్టుకోడానికి మనిషి కావాలా?
కుర్రాణ్ణి పిలవకండి, ఎండగా ఉంది.
ఉండండి,
నేను వెళ్ళి నిలబడతాను.