చెక్ ట్రే

జిల్లా శిక్షణలో పంచిన కాగితం.
ఐదు వరుసలు, నాలుగేసి గడులు.
రాత్రి కరెంటు పోయాక, సెల్లు వెలుతురులో
నా మాటల్లోకి దించుకున్నాను:
ఇంకా పట్టు దొరకలేదు. దారిలో పడింది. చేరింది.
దాటి వెళ్ళింది.

పొద్దున్నే గోడకి అంటించి ఎనిమిదో తరగతికి చెప్పాను.
మీ వీధి బోరు నీళ్ళు ఎందుకు ఉప్పయ్యాయో రాయాలి,
కొలవాలి, పెద్దవాళ్ళని అడగాలి,
కారణం చెప్పాలి.
ఏది రాస్తే ఏ గడో దాపరికం లేదు, చదువుకోండి.

మైల వీరవేణి లేచింది.
"ఇది కౌంటే కదండీ మేడం?
మా యమ్మ షెడ్డులో తీస్తాదండి.
ముప్పై కౌంటు ఓ ట్రేలోకి, యాభై ఇంకోదాన్లోకి,
వంద కౌంటు ఎవరిక్కావాలండి.
మేం ఎందులో పడతామండి?"

క్లాసంతా నవ్వింది.
ఇరవై రెండేళ్ళుగా నేను చేసిందీ అదే,
చెరువు తోడేశాక వలలో మిగిలినదాన్ని తూచడం,
ఏప్రిల్లో ఒక్కసారి, ఎర్రసిరాతో.

తిరుమాని పెద్దిరాజు లేవకుండానే అన్నాడు
(రాత్రంతా గొంతేరు గట్టు మీద నాన్నతో కాపలా, కళ్ళు సగమే తెరుచుకున్నాయి):
"కౌంటు కాదే. చెక్ ట్రే.
మేతేసిన రెండు గంటలకి పైకి లాగుతాం.
మేత మిగిలిపోతే రొయ్యని ఎవడూ తిట్టడు.
నీళ్ళు చూస్తాం. ఏరియేటరు చూస్తాం.
రేపటికి మేత మారుస్తాం."

శిక్షణలో మూడు రోజులు కూర్చున్నాను.
ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

వారం తర్వాత కాగితాలు వచ్చాయి.
వీరవేణి పదకొండు బోర్లు తిరిగింది,
తేదీతో సహా, ఏ బోరు ఎవరిదో కూడా.
పెద్దిరాజు మీటరు ముట్టుకోలేదు,
నాలిక మీద వేసుకుని రాశాడు:
"రామాలయం బోరు కన్నీళ్ళంత. మా బోరు అంతకన్నా."
నాలిక్కి నా పట్టికలో వరుస లేదు.
గీత కొట్టి ఆరోది కలిపాను.

కారణం దగ్గర మాత్రం
నాలుగు గీతల జాగా ఖాళీగా వదిలేశాడు.

తెలియక కాదు.
తెలియనివాడు ఏదో ఒకటి నింపుతాడు.
ఆ చెరువు మీదే వాళ్ళ అన్నం,
ఆ చెరువు కింద మునిగిన వరిచేలో
రెండెకరాలు మావి, లీజుకిచ్చాం,
ఈ చేతికున్న గాజులు ఆ డబ్బే.

ఏ గడిలో పెట్టను?

పెన్సిలుతో, పక్కన మార్జిన్లో రాశాను:
"నేనూ ఇంకా రాయలేదు.
సోమవారం ఇద్దరం కూర్చుందాం."