తిమిరి

కేజీహెచ్ ఎత్తు ఎక్కేసరికే
మోకాళ్లు రెండూ కోర్టుకెక్కిన అన్నదమ్ముల్లా
ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.
ఫిజియోథెరపీ గది ఇంకా పైన.
నొప్పున్నవాడికే మెట్లు రాసిపెట్టి ఉంటాయి.

ముప్పైనాలుగేళ్లు స్తంభాలెక్కాను.
కరెంటంటే నాకు పులితో కాపురం.
లైను ఆపామని ఫోనులో ఎవరు చెప్పినా
ఎర్తు గొలుసు తగిలించందే తీగ మీద చెయ్యి వెయ్యలేదు.
సింహాద్రి వేశాడు.
గోపాలపట్నంలో, వాన వెలిసిన పొద్దున.
ఆ మాట ఇక్కడితో చాలు.

ఇప్పుడు హిమజ అనే పిల్ల,
మూడు నెలలుగా జీతం అందని పిల్ల,
నా మోకాలికి నాలుగు నల్ల బిళ్లలు అంటించి
"తాతగారూ, కొంచెం కరెంటు పెడతాను" అంటోంది.
కొంచెం కరెంటు!
ఆ మాట అన్న హెల్పర్ చెంప ఒకప్పుడు పగలగొట్టాను.

అరచేతిలో ఇమిడే డబ్బా,
లోపల బొమ్మ కారుకి వేసేంత బ్యాటరీ.
మీట తిప్పింది. ముందు ఏమీ లేదు.
తరవాత చర్మం కింద ఎవరో ఆవాలు వేయించారు.
చిటపట, చిటపట,
ఆగి, మళ్లీ.
నా చెయ్యి దానంతటదే ఇనప మంచం అంచు వదిలేసింది.
దానికి ఇంకా రిటైర్మెంటు కాలేదు.

పక్క మంచం మీద గరికిన ఎర్రయ్యమ్మ,
పెదజాలరిపేట,
డెబ్బై దాటి ఎన్నేళ్లో ఆవిడకే తెలీదు,
చేపల తట్ట మోసి మోసి అరిగిన మోకాళ్లు.
బిళ్లలు చూసుకుని నవ్వుతోంది.
"ఓలమ్మా, ఇది తిమిరే కదేటి!"

"తిమిరంటే?" అంది హిమజ.

"సేప. పళ్లెంలాగ గుండ్రంగుంటాది.
వలలో పడ్డాదంటే ఎంతటోడైనా సెయ్యి ఇదిలించుకోవాల.
మా మామ్మకి కాళ్లు పీకితే
తడి ఇసకలో దాన్నేసి మీద కాలెట్టీది.
'సముద్రం కాడ అప్పు తెచ్చుకుంతన్నానే' అనీది.
గుంటలం, నవ్వీవోళ్లం."

హిమజ రాస్తున్న కలం ఆపింది.
తాను చదువుకున్నది ఆవిడకి చెప్పింది:
నొప్పి ఒక దారినే పైకి పోతుంది,
ఈ చిటపట ముందే గుమ్మం చేరి
అడ్డంగా నిలబడుతుంది.
అరిగింది అరిగిందే.
తీసేశాక ఓ గంట, రెండు గంటలు.
కొందరికి అదీ ఉండదు.

"అంతే మరి" అంది ఎర్రయ్యమ్మ,
"బేరం కాడ ఒక గయ్యాళి నిలబడితే
ఎనకోళ్ల మాట ఇనబడదు."

హుద్‌హుద్ తరవాత పదిరోజులు
ఈ మోకాళ్లే ఈ ఊళ్లో వీధి వీధినీ వెలిగించాయి.
జాలరిపేటలో దీపం వచ్చిన రాత్రి
ఎవరో ముసలామె స్తంభం కిందికి
వేడి వేడి చేపల పులుసు తెచ్చింది.
మొహం గుర్తులేదు. పులుసు గుర్తుంది.
అడుగుదామనుకుని అడగలేదు.
అవునన్నా, కాదన్నా
ఆ పులుసు రుచి కొంత తగ్గుతుంది.

ఇరవై నిమిషాలకి డబ్బా కీచుమంది.
మోకాలి మీద నాలుగు చల్లటి గుర్తులు.
లేచి నిలబడ్డాను.
నొప్పి పోలేదు, పక్క వీధికి వెళ్లింది.
కేకలు వినబడుతున్నాయి గానీ
నన్ను కాదు.

ఎర్రయ్యమ్మ అడక్కుండానే
నా భుజం మీద చెయ్యి వేసింది.
"పూర్ణా మార్కెట్టుకెళ్లాల, బేగి నడువు,
ఇది దిగిపోతాది."
అప్పు తెచ్చుకున్న గంట.
దిగువన సముద్రం,
దాని పద్దు అది రాసుకుంటోంది.