రెండు మీటలు

పొయ్యి పక్కన రెండు మీటలు.
ఒకటి కరెంటుది, నొక్కినా నోరెత్తదు.
రెండోది గ్యాసుది.
నొక్కితే బయటి గోడలో టకటకటక,
ఓ క్షణం ఆలోచన,
ఆ తర్వాత భగ్గు.

ఉత్తర డకోటాలో అక్టోబరు.
బీట్ దుంపల గుట్ట దగ్గర
ట్వైలాది రాత్రి పని, మెర్ల్‌ది పగలు.
ట్రైలర్ మెట్టు మీద ఎదురుపడతారు,
ఒకరి బూట్లకు పచ్చి బురద,
ఇంకొకరివి నిన్నటి మట్టి రాలుస్తూ.
"నీళ్లు కాగున్నాయి."
పెళ్లయిన ముప్పై ఒకటో ఏట
పలకరింపంటే అదే.

కరెంటు స్థలం అద్దెలో కలిసే ఉంది,
గ్యాసు బండ మాత్రం సొంత డబ్బు.
అందుకే ఎప్పుడూ ఆ మూగ మీటే,
అదీ రూమ్ హీటర్ ఆపాకే.
మర్చిపోతే స్తంభం దగ్గర ఠక్కుమని అంతా చీకటి.
ఆరంటే ఆరే గ్యాలన్లు.
తడువు, కట్టెయ్, రుద్దుకో,
వణుకుతూ మళ్లీ విప్పు.

నిన్నటి నుంచి వాన.
పొలాల్లో లారీలు దిగబడ్డాయి, పని ఆపేశారు.
చాలా రోజులకి ఇద్దరూ ఒకే వేళకి మెలకువగా.
ఏం మాట్లాడాలో తోచక
మెర్ల్ వాన సంగతి రెండుసార్లు చెప్పాడు.
"ముందు నువ్వు చెయ్" అంది ట్వైలా,
చెంచా కాడతో గోళ్లలో మట్టి తీసుకుంటూ.
"నువ్వే."
"ఇంకో గంట పడుతుందిగా మళ్లీ కాగడానికి."

అతను లేచి
రెండు మీటలూ నొక్కాడు.

"గ్యాసు?"
"పోతే పోనీ."

గోడ అవతల మంట గట్టిగా అందుకుంది.
తొట్టి లోపల కడ్డీ
ఏమీ అనకుండా
తన వంతు కాగుతోంది.