దీపాల పడవ దిగాక

ముప్పై ఒక్క ఏళ్లు
హకొదాతె రేవు నుంచి రాత్రిళ్లు బయల్దేరి
పడవ పొడుగునా దీపాలు వెలిగించి
స్క్విడ్లని పట్టినవాడు మా కునిహారు.
పడవ అమ్మేసి మూడేళ్లు.
నిద్ర పట్టట్లేదంటాడు.

నాకు నాలుగింటికి సంత.
ఐసు నీళ్లలో చేతులు పెట్టి పేగులు తియ్యాలి.
ఆయన అటు తిరిగితే దుప్పటీ అటే పోతుంది.
గడియారం చూడకయ్యా అంటే
టార్చి వేసి మరీ చూస్తాడు.
"రెండూ నలభై," అంటాడు,
నేనేదో అడిగినట్టు.

ట్రాము ఆఖరి స్టాపులో క్లినిక్.
డాక్టర్ నుమాజిరి, మా మేనకోడలి ఈడు పిల్ల,
కాగితం మీద మెదడు గీసింది.
గుమ్మడికాయలా వచ్చింది.
అడుగున ఒక చుక్క పెట్టి
"ఇక్కడ కాసిన్ని కణాలుంటాయి,
ఒరెక్సిన్ వదుల్తాయి.
లే, లే, పడుకోకు అని తట్టే కాపలావాళ్లు.
మీ ఆయన తలలో
వాళ్లు డ్యూటీ దిగట్లేదేమో," అంది.
ఆ 'ఏమో' నాకు నచ్చింది.
తెలియనిచోట తెలియదనే డాక్టరు.

ఇంకోటి ఉందట, అడినోసిన్.
లేచింది మొదలు తలలో ఊరుతూనే ఉంటుంది,
పడవ అడుగున నీళ్లు చేరినట్టు.
నిండితే మునుగుతాం. ఆ మునకే నిద్ర.
"మరి కాఫీ?" అన్నాడు కునిహారు,
రోజుకి ఆరు డబ్బాలు తాగేవాడు.
"కాఫీ నీళ్లు తోడదు తాతగారూ,
లోతు కొలిచే కర్రని దాచేస్తుందంతే."

ఆయన మొదటిసారి నవ్వాడు.
పడవ భాష పడవవాడికి తెలుసు.

పాత తెల్లమాత్రలు
గాబా అనే బ్రేకు మీద కాలుపెట్టి తొక్కేవి.
ఏళ్లతరబడి తొక్కీ తొక్కీ
ఇప్పుడు బండి బ్రేకు మాట వినదు.
ఒక్కసారి మానొద్దంది.
నేను స్క్విడ్లు కోసే కత్తితోనే
మాత్రని సగం, రెండు వారాలయ్యాక పావు,
ఆపైన కంటికానని పొడి చేశాను.
ఆ వారాలు చెప్పను.
ఒకసారి చెప్పులు విసిరాడు. నా మీదికి కాదు, గోడకి.

అసలు మందు వేరే ఉంది.
ఒంటిగంట దాకా పక్క ఎక్కకూడదు.
ఆరున్నరకి లేచి తీరాలి.
ఇరవై నిమిషాల్లో పట్టలేదా, లేచి వెళ్లిపోవాలి.
పగలు కునుకు లేదు.
"ఆకలిగొన్నవాడికి
అన్నం తగ్గించే వైద్యమేంటిది!"
దారంతా ట్రాములో గొణిగాడు.

కానీ చేశాడు.
పదకొండింటికి బియ్యం కడిగేవాడు.
పాత రేడియో విప్పి, బిగించి, మళ్లీ విప్పేవాడు.
వరండాలో మంచులో నిలబడేవాడు
చీకటికి ముఖం పెట్టి.
చీకటి పడితేనే ఊరే మెలటోనిన్‌ని
ముప్పై ఒక్క ఏళ్లు
దీపాలు పెట్టి తరిమినవాడు కదా.
వెలుగు చూసి స్క్విడ్ వస్తుంది.
వెలుగు చూసి నిద్ర రాదు.

ఒక రాత్రి ఆయనే అన్నాడు:
"స్క్విడ్‌ని మనం పడతాం.
నిద్రే మనల్ని పట్టాలి.
నేను గాలం పట్టుకు కూర్చున్నాను."

ఐదో వారం.
నాకు మెలకువొచ్చింది.
ఏ చప్పుడుకా అని చూస్తే
చప్పుడు లేకపోవడానికి.
కునిహారు నోరు తెరుచుకుని
చాప మీద అడ్డంగా, దిండు లేకుండా.
నిద్ర సుఖమెరగదంటారే, అది.

ఇక నాకు రెప్ప వాలదు.
మూడేళ్లు ఆయన దొర్లాటకి అలవాటుపడ్డ
నా కాపలావాళ్లు
ఎవరి కోసమో తెలియక లేచి కూర్చున్నారు.
ఇరవై నిమిషాలు చూసి
నేనూ లేచాను, రూలు రూలే.

కిటికీలోంచి దూరంగా దీపాల పడవలు.
ఒకప్పుడు వరసలు వరసలుగా ఉండేవి.
ఇప్పుడు లెక్కపెడితే నాలుగు.
టార్చి వేసి గడియారం చూశాను.
"రెండూ నలభై," అన్నాను.
ఎవరూ అడగలేదు.

కాఫీ డబ్బా ఒకటి మిగిలుంది.
తాగనా వద్దా అని
చేత్తో పట్టుకుని
చాలాసేపు నిలబడ్డాను.