ఆఖరి పేజీ అడుగున

మా లిండర్ పత్రిక గురువారం గురువారం వస్తుంది.
చావులు రెండో పేజీ, పశువుల ధరలు మూడో పేజీ.
చట్టం వేయమన్న ప్రకటనలు ఆఖరి పేజీ అడుగున,
చీమతలలంత అక్షరాల్లో.
ఆ అడుగు నాది. ఇరవై ఆరేళ్ళుగా.

నెబ్రాస్కాలో కంపెనీ పుడితే
లింకన్‌లో కాగితం దాఖలు చేస్తే సరిపోదు,
వరసగా మూడు వారాలు పేపర్లో పేరు పడాలి.
బారసాల నలుగురి ఎదుటే జరగాలన్నట్టు.

ఆర్డిత్ హ్రుష్కా బూట్ల బురదతోనే వచ్చింది.
మరిది ఎమిల్‌తో కలిసి బోర్లు వేసే కంపెనీ.
"మూడొందల అడుగుల కింద నీళ్ళు చూశాను గానీ
ఈ ఫారం అడుగు తగలట్లేదమ్మా" అంది.
పేరు. ఆఫీసు చిరునామా.
నోటీసులొస్తే అందుకునేది ఎవరో.
మనిషి కాని మనిషికి
ఎవరైనా వచ్చి తట్టడానికి ఓ తలుపు.

మొదటి వారం తప్పు నాదే.
'పరిమిత' అన్న మాట ఎగిరిపోయింది.
హ్రుష్కా బోర్‌వెల్స్, బాధ్యత కంపెనీ
అని అచ్చయింది.
పేపరు నా బల్ల మీద పరిచి
వేలు పెట్టి చూపించింది, పెదవి విప్పలేదు.
మళ్ళీ మొదటి వారం నుంచి, మా ఖర్చుతో.

తర్వాత బ్యాంకు వరసలో చూసేదాన్ని.
పర్సులో రెండు చెక్కు పుస్తకాలు,
పచ్చది కంపెనీది, నీలంది తనది.
ఓసారి కుక్క తిండికి పొరపాటున పచ్చది చింపింది,
పదకొండు డాలర్లు.
మర్నాడే నీలం చెక్కుతో తిరిగి కట్టింది.
"మన జేబులోంచి మన జేబులోకే కదా వదినా!"
ఎమిల్ నవ్వాడు.
"కాదు. అది వేరే మనిషి జేబు."

ఉన్నది ఇద్దరు, ఒప్పందం తొమ్మిది పేజీలు.
ఒకరు పోతే వాటా ఎవరికి, ట్రక్కు ఎవరికి,
పోట్లాడుకుంటే ముందు ఎవరు పలకరించాలి.
ఆ చివరిది లాయరు కొట్టేశాడు.
బేసి సంవత్సరం, ఏప్రిల్ ఒకటి లోపు, లింకన్‌కు రిపోర్టు.
ఎమిల్‌ని సోమవారం పూడ్చి
బుధవారం రిపోర్టు పంపింది.
"వాడు పోయాడు. అది పోలేదుగా."

వర్లిన్ పోస్పిషిల్ పొలంలో
వీళ్ళు పూడ్చామన్న పాత బావి
ఒక అక్టోబరు పొద్దున కుంగింది.
ట్రాక్టరు ఒరిగింది. వర్లిన్ ఎడమకాలు మోకాలి దాకా పోయింది.

అతని లాయరు రెండు గంటలు అడిగాడు.
కంపెనీ ఉట్టి ముసుగనీ,
ముసుగు కింద ఉన్నది ఈమేననీ ఒప్పించాలి.
ఆర్డిత్ బూట్ల డబ్బా విప్పింది.
కుక్క తిండి చెక్కు.
దానికి గుండుసూదితో గుచ్చి, రెండో చెక్కు.
అతను వాటిని చాలాసేపు చూశాడు.

డ్రిల్లింగ్ ట్రక్కు అమ్మారు, పైపులమ్మారు,
బీమా సొమ్ముతో కలిపి వర్లిన్‌కు ముట్టింది.
చాలలేదు. కాలికి ఏదైనా చాలుతుందా?
ఆర్డిత్ ఇల్లు ఆర్డిత్‌కే ఉంది.

ఆ చలికాలం తెల్లారకముందే
వర్లిన్ కొట్టం ముందు ఆమె పికప్ ఉండేది.
ముప్పై ఎనిమిది ఆవులు.
తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళు గొడ్డలితో పగలగొట్టి,
గడ్డి వేసి, గడప తొక్కకుండానే వెళ్ళిపోయేది.
కిటికీ తెర కాస్త జరిగేది,
మళ్ళీ మూసుకునేది.
డీజిలు ఏ పుస్తకంలోంచో నేనడగలేదు.

మే నెలలో వచ్చింది, రద్దు ప్రకటన వేయమని.
"ఈసారి ఒక్క మాటా పోనివ్వకు."
ఇద్దరం అక్షరం అక్షరం చదివాం,
నా కళ్ళద్దాలే మార్చి మార్చి పెట్టుకుని.
ఆ మొదటి వారం పేపరు నా సొరుగులో ఉంది.
తీయబోయాను. తీయలేదు.

మూడు వారాలకు నలభై రెండు డాలర్లు.
పచ్చ పుస్తకంలో మిగిలింది ఒక్కటే చెక్కు.
రాసి, చింపి, ఖాళీ అట్ట నా చెత్తబుట్టలో వేసి,
"వర్లిన్ కంచె ఉత్తరం పక్క ఒరిగిందట,
చీకటి పడకముందు వెళ్ళాలి" అంటూ
చిల్లర కూడా తీసుకోకుండా లేచింది.
చెక్కుకి చిల్లరేమిటని
ఆమె పికప్ మలుపు తిరిగాక గానీ నాకు తట్టలేదు.
బల్ల మీద రెండు డాలర్లు పెట్టుకుని కూర్చున్నాను.